పన్నెండు రోజులుగా తినని మోరే ఈల్: నోరు కాదు తమ్ముడూ, ముందు నీళ్లు చూడు

ప్రశ్న: అన్నా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచి చేపలంటే ప్రాణం. ఇరవై రోజుల క్రితం చెన్నై నుంచి స్నోఫ్లేక్ మోరే ఈల్ అనే, పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేపను తెప్పించుకున్నాను. అడుగున్నర పొడవుంది, తెల్లటి ఒంటి మీద నల్ల పూల మచ్చలు, ముక్కు గొట్టాలు పసుపు. ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంతర్వేది నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి, వడకట్టి పోసి, మూడో రోజున చేపను వదిలాను. మొదట్లో రెండుసార్లు రొయ్య తింది. ఇప్పుడు 12 రోజులుగా ఏదీ ముట్టడం లేదు. రోజంతా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, ఊపిరి ఆడటం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. మా బావకు రొయ్యల చెరువులున్నాయి. ఆయన మీటరుతో చూస్తే సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు పాళ్లు, 22 వచ్చింది. అది చాల్లే, ఇంకా కావాలంటే మా ఉప్పు బోరు నీళ్లు కలుపు అంటున్నాడు. అమ్మేమో ఇది పామే, ఇంట్లో ఉంచొద్దు, కాలవలో వదిలెయ్ అని రోజూ గొడవ. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, అన్నిటికంటే ముందు, కాలవలో మాత్రం వదలొద్దు. మన కాలవల్లో పారేది ధవళేశ్వరం నుంచి వచ్చే గోదారి మంచినీళ్లు, అదేమో సముద్రపు చేప, వదలడమంటే చంపడమే. అంతర్వేది తీసుకెళ్లి సముద్రంలో వదలడం కూడా వద్దు. దుకాణం ట్యాంకుల్లో ఎక్కడెక్కడి చేపలతోనో కలిసి ఉండి వచ్చింది, దాని ఒంటి మీద ఏ జబ్బు ఉందో మనకు తెలియదు, ఆ జబ్బు మన తీరానికి అంటించకూడదు. తెచ్చుకున్నాం కాబట్టి బతికించుకుందాం. బతుకుతుంది కూడా, నువ్వు రాసినదాన్ని బట్టి ఇంకా చెయ్యి దాటిపోలేదు.

నోటి సంగతి. మోరేకి శీలావతికో బొచ్చెకో ఉన్నట్టు చెంప మీద ఎర్రగా తెరుచుకునే పెద్ద మొప్పల మూత ఉండదు. తల వెనక అటొకటి ఇటొకటి చిన్న గుండ్రటి రంధ్రాలుంటాయి, పక్క నుంచి జాగ్రత్తగా చూడు, కనబడతాయి. నోటితో నీళ్లు లోపలికి తీసుకుని, మొప్పల మీదుగా తోసి, ఆ రంధ్రాల్లోంచి బయటికి పంపడమే దాని ఊపిరి. కాబట్టి నిద్రలో కూడా నోరు ఆడుతూనే ఉంటుంది. అది కోపం కాదు, కాటేస్తానని బెదిరించడమూ కాదు. చూడగానే పళ్లు కనబడతాయి కాబట్టి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, మీ అమ్మగారి భయంలో తప్పు లేదు. నువ్వు చేయాల్సిందల్లా ఒకటే, గది చల్లగా, ట్యాంకు ప్రశాంతంగా ఉన్న వేళ నిమిషానికి ఎన్నిసార్లు నోరు ఆడిస్తోందో లెక్కపెట్టి గోడ క్యాలెండరు మీద రాసుకో. వరసగా నాలుగు రోజులు రాస్తే నీ చేపకు మామూలు ఎంతో నీకే తెలుస్తుంది. ఆ లెక్క ఒక్కసారిగా బాగా పెరిగినా, తల తెచ్చి నీటి పైభాగాన పెట్టినా, పట్టపగలు ఒళ్లంతా బయట పరుచుకుని పడి ఉన్నా, ఒంటి మీద జిగురు తెల్లటి పొరలా ఊడుతున్నా, అప్పుడు కంగారు పడాలి.

నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది నోరు కాదు, "మూడో రోజున వదిలాను" అన్న మాట.

మీ బావనే అడుగు, కొత్తగా నీళ్లు పెట్టిన చెరువులో మూడో రోజున రొయ్య పిల్ల వదులుతాడా అని. వదలడు. బ్లీచింగ్ కొట్టి, దాని ఘాటు పోయాక నీటికి రంగు తెప్పించి, ప్రోబయోటిక్ వేసి, ల్యాబ్‌లో చూపించుకుని అప్పుడు వదులుతాడు. అద్దాల తొట్టి అయినా అదే సూత్రం, కాకపోతే చెరువులో లక్షల లీటర్లు ఉంటాయి కాబట్టి చిన్న పొరపాటు చేసినా తట్టుకుంటుంది, నీ ట్యాంకులో రాళ్లూ ఇసుకా ఉంటే అవి పోగా ఉండేది సుమారు 160 లీటర్లే. చేప విసర్జించేది, తినగా మిగిలిన రొయ్య కుళ్లేది, అంతా అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో, రాళ్ల మీద స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నీది ఇంకా ఇరవై రోజుల ట్యాంకు. మొదట్లో రెండుసార్లు తిని తర్వాత మానేసిందంటే, నా లెక్కలో ఆ తిండి తాలూకు అమ్మోనియా నీళ్లలో పేరుకుని దాని ఆకలిని చంపేసింది. ఉప్పునీళ్ల పీహెచ్ 8 పైన ఉండటం దీనికి తోడు. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దగ్గర దగ్గర పది రెట్లవుతుంది. మంచినీటి తొట్టిలో గోల్డ్ ఫిష్ తట్టుకున్న మోతాదు ఇక్కడ తట్టుకోదు.

అందుకని రేపు పొద్దున్నే ఒక శుభ్రమైన సీసాలో నీళ్లు నిండుగా, గాలి లేకుండా పట్టి, మూత బిగించి రొయ్యల ల్యాబ్‌కు తీసుకెళ్లు. మీ వైపు ల్యాబ్ లేని సెంటర్ ఎక్కడుంది? అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, మూడూ చూడమను. అమ్మోనియా సున్నా ఉండాలి. "కొంచెం ఉన్నా పర్లేదు" అని ల్యాబ్ వాళ్లంటే అది చెరువుల్లో పెంచే వనామీ రొయ్యల లెక్క, నీ లెక్క కాదు. సున్నా లేకపోతే అదే రోజు 40 లీటర్ల నీళ్లు మార్చు. బావ అమ్మోనియాకు జియోలైట్ అనే ఖనిజం చల్లమంటాడేమో, ఉప్పునీటిలో ఉండే సోడియం వల్ల జియోలైట్ అమ్మోనియాను పట్టుకోవడం బాగా తగ్గిపోతుంది, దాని మీద నమ్మకం పెట్టుకోకు. మీకు తెలిసినవాళ్లెవరికైనా ఏడాది దాటిన ఉప్పునీటి ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టరులోని పాత స్పాంజి ముక్కొకటి అడిగి, అదే నీళ్లలో తడిగా తెచ్చి నీ ఫిల్టరులో పెట్టుకో, రెండు మూడు వారాల పని ముందుకు జరుగుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగావంటే మాత్రం తెచ్చిన పుణ్యం పోయినట్టే.

ఇక సెలినిటీ 22 సంగతి. నువ్వు నీళ్లు తెచ్చిన రోజులేంటో చూడు. వానాకాలంలో గోదారికి ఎర్రనీళ్లు వచ్చి, వశిష్ఠ పాయ మొత్తం అంతర్వేది దగ్గరే సముద్రంలోకి దిగుతుంటే అక్కడ క్యానులో పట్టినది సగం సముద్రం, సగం గోదారి. మంచినీళ్లు తేలిక కాబట్టి పైన తేలతాయి, మనం ముంచేది పైనీళ్లే. దానితోపాటు ఒండ్రు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పురుగుమందులు కూడా. నేనైతే నది సముద్రంలో కలిసే మొగలకు దగ్గరగా ఉన్న ఏ తీరంలోనూ ట్యాంకుకు నీళ్లు పట్టను, వరద రోజుల్లో అసలే పట్టను. మోరేకి కావాల్సింది 33 నుంచి 35 పీపీటీ, అంటే లీటరు నీళ్లలో సుమారు అన్ని గ్రాముల ఉప్పు. 22లో వెంటనే చచ్చిపోదు, కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, కానీ అది దాని ఇల్లు కాదు.

బావ చెప్పిన ఉప్పు బోరు నీళ్లు వద్దు. కోనసీమ తీరంలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడటం మామూలే, నాలుక మీద రెండూ ఒకటే ఉప్పు, కానీ లోపలి లెక్క వేరు. భూమిలోని ఉప్పునీళ్లలో చాలాచోట్ల పొటాషియం తక్కువుంటుంది, కాల్షియం మెగ్నీషియం పాళ్లు తారుమారుగా ఉంటాయి, ఒక్కోచోట ఇనుము ఉంటుంది. ఈ సంగతి మీ బావకు నాకంటే బాగా తెలుసు, బోరు నీళ్ల చెరువులకు ఎకరానికి ఇంతని మినరల్స్ బస్తాలు మోసేది అందుకే కదా. ఆయన ఆ బస్తాలతో సర్దుకుంటాడు, నువ్వు సర్దుకోలేవు. అక్వేరియం కోసం అమ్మే సింథటిక్ సముద్రపు ఉప్పు కొను, ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే 35 పీపీటీ దరిదాపుల్లోకి వస్తుంది. వంటింటి ఉప్పు, కల్లుప్పు పనికిరావు.

కలిపే పద్ధతి జాగ్రత్తగా విను. ట్యాంకులో ఉప్పు నేరుగా చల్లకూడదు, గింజ ఒంటి మీద పడితే కాలుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, చిన్న పంపు వేసి ఒక రాత్రంతా తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసి అప్పుడు పొయ్యి. అమ్మోనియా కోసం మొదటి రోజు మార్చే ఆ 40 లీటర్లు 24 పీపీటీకి కలుపు, ఒక్కసారిగా పెద్ద తేడా రాకుండా. మర్నాటి నుంచి రోజూ 15 లీటర్లు తీసేసి, 35 పీపీటీ నీళ్లు 15 లీటర్లు పొయ్యి. నీ 160 లీటర్లకు అది మొదట్లో రోజుకు ఒక పాయింటు పైన పెరుగుతుంది, పోనుపోను ఆ పెరుగుదల తగ్గుతుంది, రెండు వారాల్లో సుమారు 32కి చేరతావు. ఉప్పూ పెరుగుతుంది, అమ్మోనియా కూడా పలచబడుతూ ఉంటుంది, ఒకే పనితో రెండూ. ఆ తర్వాత అదే 35 పీపీటీ నీళ్లతో వారానికి 20 లీటర్లు మార్చితే చాలు, మిగతా తేడా మెల్లగా పూడుతుంది. ఆవిరై తగ్గిన నీళ్లకు మాత్రం ఉప్పునీళ్లు పోయొద్దు, ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు, ఉత్త ఆర్వో నీళ్లు పొయ్యాలి. అద్దం మీద పాత మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసుకో, అక్కడిదాకా నింపు.

రాళ్ల గురించి నువ్వు రాయలేదు. ఎవరైనా పగడపు ముక్కలు తక్కువ ధరకు ఇస్తామంటే తీసుకోకు, రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షణ ఉన్న జీవులు, అమ్మడం కొనడం నేరం. పింగాణీ రాళ్లు దొరుకుతాయి. వాటినైనా ఇసుక మీద కాదు, అడుగు అద్దం మీద కూర్చోబెట్టి తర్వాత చుట్టూ ఇసుక పొయ్యి, ఎందుకంటే మోరే రాళ్ల కింద తవ్వుకుని దూరుతుంది, రాయి ఒరిగితే దాని వెన్ను విరుగుతుంది.

అంతకంటే మంచి పని, రెండంగుళాల పీవీసీ పైపు అడుగున్నర ముక్క కోసి, అంచులు గరుకుకాగితంతో నున్నగా రుద్ది, కడిగి ట్యాంకులో ఒక మూల పెట్టు. వీలైతే రెండు ముక్కలు. చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే. కానీ మోరేకి ఒళ్లంతా దేనికో ఒకదానికి ఆనితే తప్ప ధైర్యం రాదు. దాక్కోవడానికి చోటు లేని మోరే తినదు, ఇది నేను కళ్లారా చూసిన సంగతి. పైపు పెట్టిన రెండో రోజుకే తల బయటికి పెట్టి కూర్చుంటుంది, వీధరుగు మీద కూర్చున్న పెద్దాయనలా వచ్చేపోయేవాళ్లని చూస్తూ. మూడు వైపులా అద్దాలకు నల్ల కాగితం అంటించు, లైటు రోజుకు ఆరేడు గంటలకు మించి వద్దు.

మూత గురించి చెప్పడానికి నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది. నా మొదటి మోరే కూడా స్నోఫ్లేకే, నీ దానికంటే కొంచెం చిన్నది. మూత ఉంది, బరువు కూడా పెట్టాను, కానీ ఫిల్టరు పైపు దిగే చోట రెండు వేళ్లు పట్టే సందు వదిలేశాను. ఒక రోజు తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేచి చూస్తే ట్యాంకు ఖాళీ. సెల్‌ఫోన్ లైటు వేసి వెతికితే వంటింటి గడప దాకా నేల మీద తడి చార, అక్కడి నుంచి బియ్యం బస్తా వెనక్కి. ఒళ్లంతా తవుడూ దుమ్మూ అంటుకుని, గోడ మూలకు ముడుచుకుని ఉంది. పోయిందనుకుని చేత్తో తియ్యబోతుంటే నోరు ఒక్కసారి మెల్లగా తెరుచుకుంది. తడి తువ్వాలులో ఎత్తి, బకెట్లో ట్యాంకు నీళ్లు పోసి కడిగి, మళ్లీ వేశాను. మోరేల చర్మం మందం, పైన జిగురు పొర, అందుకే కాసేపు గాలిలో తట్టుకుంటాయి. ఈ స్నోఫ్లేక్ జాతి నీళ్ల బయట కూడా ఎరను మింగగలదని 2021లో అమెరికా శాస్త్రవేత్తలు రాశారు, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీదికి పాకి పీతలను పట్టే చేప ఇది. అలాంటిదానికి నీ మూత ఒక లెక్కా?

అది మూడు రోజులు బాగానే ఉంది. తర్వాత గీసుకుపోయిన చోట తెల్లటి మచ్చలు లేచాయి. చేపల మందులు అమ్మే ఒక దుకాణంలో చెబితే నీలం మందు సీసా ఇచ్చారు, చుక్కల లెక్క చెప్పారు, వేశాను. ఆ సీసాలో ఉన్నది రాగి. పొలుసులు లేని ఇలాంటి చేపలకు రాగి మందు మామూలు చేపలకంటే చాలా త్వరగా విషమవుతుందని ఇచ్చినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాటి సాయంత్రానికి పోయింది. ఆ రోజు నుంచి ఏ మందైనా సీసా మీద ఏం ఉందో చదవకుండా నీళ్లలో వేయలేదు. నువ్వూ వేయకు. మచ్చలొస్తే ముందు నీళ్లు మార్చు, చాలా పుండ్లు శుభ్రమైన ఉప్పునీళ్లతోనే మానతాయి. మీ బావ చెరువు సామాన్లలో ఉండే కాపర్ సల్ఫేట్, బీకేసీ, ఫార్మలిన్ ఏదీ ఈ ట్యాంకు దరిదాపులకు రాకూడదు, ఆ చేతులు కడుక్కోకుండా ట్యాంకులో పెట్టకూడదు కూడా.

కాబట్టి మూతకు నాలుగు మూలలా క్లిప్పులు, పైపులూ వైర్లూ దిగే చోట స్పాంజి కాదు, గట్టి ప్లాస్టిక్ జల్లెడ కోసి బిగించు. నీ చిటికెన వేలు దూరే సందు కూడా ఉండకూడదు. నీటి మట్టం పై అంచుకు కొంచెం కిందే ఉంచు. పంపు నీళ్లు పీల్చే చోట కూడా జాలీ ఉండాలి.

తిండి. ముందుగా, ల్యాబ్‌లో అమ్మోనియా సున్నా అని తేలేదాకా ఏమీ పెట్టకు. 12 రోజులంటే మనకు గుండె తరుక్కుపోతుంది గానీ ఒంట్లో కండ ఉన్న మోరే కొన్ని వారాలు తినకుండా ఉండగలదు, కొత్త చోటికి వచ్చినప్పుడు అలా మానేయడం వీటికి అలవాటే. రోజూ ఎర తెచ్చి ముందు ఆడించి, ముట్టకపోతే అక్కడే వదిలేయడం వల్ల నీళ్లే పాడవుతాయి.

సముద్రపు రొయ్య తెప్పించు, పచ్చిది, పెంకుతో. ఇంట్లో రొయ్యలు రాగానే పసుపూ ఉప్పూ వేసి కడిగేస్తారు కదా, అవి వద్దు, మామూలు నీళ్లతో కడిగి ఫ్రీజర్లో పెట్టినవి కావాలి. నరసాపురం మార్కెట్‌కు వెళ్లేవాళ్లు ఉంటే పీత కాళ్లు, స్క్విడ్ కూడా తెప్పించు. స్నోఫ్లేక్ పళ్లు సూదుల్లా ఉండవు, మొద్దుగా ఉంటాయి, పీతలనూ రొయ్యలనూ పిండి చేయడానికి పుట్టిన పళ్లు, కాబట్టి పెంకు దానికి అడ్డం కాదు. కాలవ చేపలు, గోల్డ్ ఫిష్ వేయొద్దు. కార్పు జాతి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, నెలల తరబడి అవే తింటే చేప వణుకుతూ, బ్యాలెన్స్ తప్పి చచ్చిపోతుంది. కొన్ని రకాల పచ్చి రొయ్యల్లో కూడా ఇది ఉంటుంది కాబట్టి రొయ్య ఒక్కటే కాకుండా మార్చి మార్చి పెట్టు.

పెట్టే తీరు ఇలా. రాత్రి తొమ్మిది దాటాక ట్యాంకు లైటు తీసెయ్. వీధి లైటు వెలుగు చాలు. పంపు ఒక నిమిషం ఆపు. బొటనవేలంత రొయ్యను, దాని తల వెడల్పుకు మించనిది, అడుగు పొడవున్న ప్లాస్టిక్ పట్టకారుతో పట్టి పైపు గుమ్మానికి జానెడు దూరంలో పెట్టి కదలకుండా ఆగు. దానికి చూపు అంతంత మాత్రం, అంతా వాసనే. ముందు ఆ పసుపు ముక్కు గొట్టాలు రెండూ నిక్కుతాయి. తర్వాత తల మెల్లగా బయటికొచ్చి అటూ ఇటూ ఊగుతుంది, రొయ్య కళ్ల ముందే ఉన్నా పక్కన రాయిని పొడుస్తుంది. నువ్వు తొందరపడి రొయ్యను దాని మూతికి తగిలించకు, బెదిరి లోపలికి పోతుంది. నీళ్లలో వాసన దాని దగ్గరికి చేరేదాకా ఆగాలి. దొరకగానే ఒక్క గుంజు గుంజి, ఒళ్లు మెలితిప్పుతూ వెనక్కి పైపులోకి లాక్కుపోతుంది. ఆ మింగడం గమనించు, వేగంగా లోపలికి జారిపోతుంది. దాని గొంతులో ఇంకో జత దవడలున్నాయి, అవి ముందుకొచ్చి ఎరను పట్టి లోపలికి లాగుతాయి. ఈ సంగతి 2007లో గానీ బయటపడలేదు, కాలిఫోర్నియాలో రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వీడియోలు తీసి చూపించారు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి రెండుసార్లు లేచి ట్యాంకు దగ్గరికెళ్లి చూశాను.

పది నిమిషాల్లో తీసుకోకపోతే రొయ్య బయటికి తీసెయ్, మళ్లీ మూడో రోజు. తినడం మొదలెట్టాక వారానికి మూడుసార్లు చాలు, పెద్దయ్యాక రెండుసార్లు. చేత్తో పెట్టొద్దు, ఎంత మచ్చికైనా పెట్టొద్దు. వేలికీ రొయ్యకూ తేడా దానికి కంటితో తెలియదు, రొయ్య వాసన అంటిన వేలు దానికి రొయ్యే. కరిస్తే సబ్బుతో బాగా కడిగి డాక్టరుకు చూపించు, టీటీ వేయించుకో, ఉప్పునీటి గాయాన్ని నిర్లక్ష్యం చేయకూడదు.

అమ్మగారికి ఇది చెప్పు. ఇది పాము కాదు, చేప. విషపు కోరలు లేవు, నీళ్లలో మొప్పలతో ఊపిరి పీల్చుకుంటుంది, వీపు పొడవునా రెక్క ఉంటుంది చూపించు. ఆవిడ చేతుల మీద ఎన్ని బొమ్మిడాయిలు పులుసయ్యాయో, మలుగుపాము చూసి కూడా ఉంటారు, ఇదీ అలా పొడుగ్గా పుట్టిన చేపే అంటే ఆవిడకు అర్థమవుతుంది. కానీ మూత విషయంలో ఆవిడ భయం న్యాయమైనదే, రాత్రిపూట కాళ్ల దగ్గర ఇలాంటిది కనబడితే ఎవరైనా కర్రే తీస్తారు. ముందు మూత బిగించి, బిగించానని చూపించి, అప్పుడు మాట్లాడు.

ఆవిడతోనే ఇంకో మాట కూడా మాట్లాడాలి, దోమల చక్రాల గురించి. మన వైపు సాయంత్రం అయితే చక్రమో లిక్విడ్ మెషినో లేకుండా గడవదు. వాటిలో ఉండే మందు మనుషులకు అంతగా చేయకపోయినా చేపలకు చాలా విషం, పైగా నీ గాలి పంపు ఆ గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది. ట్యాంకున్న గదిలో అవి వద్దు, కిటికీలకు దోమల జాలీ కొట్టించు. స్ప్రే అసలే వద్దు.

ఎండాకాలానికి ఇప్పటి నుంచే చూసుకో. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, మే నెలలో మన ఇళ్లలో గది నీళ్లే 32 దాటతాయి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఖరీదైనదే, కొనగలిగితే అదే సరైన దారి. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది గానీ మన డెల్టా ఉక్కలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి పొడి ఊళ్లలో దిగినంత దిగదు. ఐసు ముక్కలు నేరుగా వేయకుండా, సీసాలో గడ్డకట్టించి సీసాతోనే తేలెయ్యి. తుఫాను రోజుల్లో రెండేసి రోజులు కరెంటు ఉండదు, బ్యాటరీతో నడిచే గాలి పంపొకటి ఇంట్లో ఉండాలి, సెల్స్ కూడా. కరెంటు పోయిన రోజు తిండి పెట్టొద్దు. ప్లగ్గు బోర్డు ట్యాంకు కంటే ఎత్తులో పెట్టు, వైరు కిందికి వంగి మళ్లీ పైకెక్కేలా వదులు, నీళ్లు జారి బోర్డులోకి పోకుండా.

నీ 3 అడుగుల ట్యాంకు ఏడాది వరకు సరిపోతుంది. స్నోఫ్లేక్ రెండు, రెండున్నర అడుగులు పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదేళ్లు పైనే బతుకుతుంది. 4 అడుగుల పొడవు, 250 లీటర్లకు తగ్గని ట్యాంకు, దానికి నీళ్లలోని మురికిని నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్, వీటికి ఇప్పటి నుంచి నెలకు కొంత పక్కన పెట్టు. అంతవరకు వేరే చేపలు తేవొద్దు, చిన్న రొయ్యలు, పీతలు అయితే అసలు వద్దు, అవి దానికి భోజనమే.

ల్యాబ్ కాగితం రాగానే ఆ మూడు అంకెలు, నువ్వు క్యాలెండరు మీద రాసిన ఊపిరి లెక్క నాకు రాసి పంపు. అమ్మోనియా సున్నాకి వచ్చి, పైపు పెట్టి, ఉప్పు 32 చేరాక కూడా ఇంకో రెండు వారాలు ముట్టకపోయినా, లేదా ఈలోపే తల వెనక కండ తగ్గి వీపు కత్తి అంచులా తేలుతున్నట్టు కనబడినా ఆలస్యం చేయకుండా రాయి, బతికున్న చిన్న పీతతో అలవాటు చేసే పద్ధతి ఒకటుంది, అది దగ్గరుండి చేయించాలి.